మూడు వందల నానోసెకన్లు

"ఆ నీలం చొక్కా ఇస్త్రీ చేసి పెట్టు. రేపు నీ బోర్డు గురించి నాలుగు మాటలు చెప్పాల్సింది నేనే కదా, మనిషి కాస్త నీటుగా కనపడాలి," అన్నారు మా ఆయన, ఫోనులోంచి తలెత్తకుండా.

నీ బోర్డు అన్నారు. నిజమే, ఇంట్లో అది నా బోర్డే. భోజనాల బల్ల మీద పాప పుస్తకాలు పక్కకి జరిపి నేను గీస్తున్నప్పుడు, "నీ బోర్డు తీస్తే మేం అన్నాలు తింటాం" అని ఆయన విసుక్కుంటున్నప్పుడు, అచ్చంగా నాదే. ఆఫీసు మెట్లెక్కేసరికి అది మన బోర్డు అవుతుంది. మీటింగు గది తలుపులు వేశాక ఆయన నోట అది నా బోర్డు అయిపోతుంది, అంటే ఆయన బోర్డు. పదకొండేళ్ళలో పది బోర్డులు ఈ దారినే వెళ్ళాయి. నేను కాలరు తిరగేసి లోపలి వైపు ముందు ఇస్త్రీ చేశాను. పైవైపు ముందు చేస్తే అంచు దగ్గర ముడత పడుతుంది, ఆ ముడత ఆయన కంట పడుతుంది. ఇంకేదీ పడదు గాని అది మాత్రం పడుతుంది.

మా కంపెనీ లిఫ్టులకి బ్యాటరీ పెట్టెలు చేస్తుంది. వాటి లోపలి సర్క్యూటు బోర్డులు గీయడం నా పని. అందులో మొదట చేరింది నేను. ఆరు నెలల తర్వాత, నేను చెబితే, కంపెనీ యజమాని, మా పెద్దాయన, మా ఆయన్ని తీసుకున్నారు. ఈ సంగతి ఇప్పుడు చెబితే కొత్తవాళ్ళు నవ్వుతారు. మొదటి బోర్డు గీసినప్పుడు పాప కడుపులో ఉంది. ఏడో నెలలో పని పూర్తయింది. మా దగ్గర ప్రతి బోర్డుకీ ఒక కాగితం ఉంటుంది. దాని అడుగున రెండు గడులు. ఒకటి రూపొందించినవారు, రెండోది పరీక్షించినవారు. మొదటి గడిలో నా పేరు రాయబోతుంటే ఆయన పెన్ను తీసుకున్నారు. "నువ్వు సెలవులో ఉంటావు కదే. ఎవరైనా ఏదైనా అడిగితే జవాబు చెప్పడానికి మనిషి ఉండాలిగా. నా పేరు పెడదాంలే," అన్నారు. ప్రేమగానే అన్నారు. నేనూ నిజమే కదా అనుకున్నాను. అంత తెలివితక్కువదాన్ని. సెలవు అయిపోయింది, పాపకి పళ్ళొచ్చాయి, నడక వచ్చింది, బడికి వెళుతోంది, ఆ గడిలోంచి ఆయన పేరు మాత్రం కదల్లేదు. నేను రెండో గడిలోకి వెళ్ళాను. బోర్డు బాగా పనిచేస్తే పెద్దాయన మొదటి గడి చూసి భుజం తడతారు. పాడైతే రెండో గడి చూసి కేకేస్తారు. ఆ కాగితం ఎవరు తయారు చేశారో గాని సంసారం బాగా తెలిసినవాళ్ళే అయ్యుండాలి.

పాప పుట్టాక నాది ఒంటిపూట ఉద్యోగం అయింది. అది కూడా ఆయనే మాట్లాడి పెట్టారు. "పొద్దున ఉద్యోగం, మధ్యాహ్నం నుంచీ ఖాళీ, రాజభోగం నీది," అంటారు ఇంటికొచ్చిన వాళ్ళ ముందు. వాళ్ళు నావైపు చూసి అదృష్టవంతురాలన్నట్టు తల ఊపుతారు. ఆ ఖాళీలో అత్తయ్యని మోకాళ్ళ వ్యాయామానికి తీసుకెళ్ళి తీసుకురావాలి, పాపని బడి నుంచి తేవాలి, బట్టలు, గిన్నెలు, రేపటి వంటకి తరగడాలు. ఈ మధ్యలో ఎక్కడో ఒక గంటన్నర దొరికితే భోజనాల బల్ల మీద రేపటి బోర్డు. కిందటేడు బడివాళ్ళు ఇచ్చిన ఫారంలో తల్లి వృత్తి అన్నచోట ఆయన గృహిణి అని రాశారు. అదేంటండీ అంటే, "గడి చిన్నది. ఒంటిపూట ఇంజనీరు, ఒంటిపూట ఇల్లాలు అని రాస్తే పట్టద్దూ?" అని నవ్వారు. పాప కూడా నవ్వింది. పాప నవ్వడమే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

ఈ పదో బోర్డు ఆసుపత్రి లిఫ్టుకి. లిఫ్టు మనుషుల్ని ఎక్కించుకుని పైకి పోయేటప్పుడు బ్యాటరీ దానికి కరెంటు ఇస్తుంది. బరువుతో కిందికి దిగేటప్పుడు మోటారే కరెంటు పుట్టించి బ్యాటరీకి తిరిగి ఇస్తుంది. మధ్యలో ఉండే మా పెట్టె రెండు వైపులా పనిచేయాలి. తీసుకున్నది తిరిగి ఇచ్చే ఏర్పాటు ఒకటి నా చేతి మీదుగా నడుస్తోందంటే, అదీ ఇనుప పెట్టెలోనే. దాని లోపల ఉండే స్విచ్చులు సెకనుకి లక్షసార్లు తెరుచుకుని మూసుకుంటాయి. ఒక స్విచ్చు మీద ఇంకా వోల్టేజి ఒత్తిడి ఉండగానే దాన్ని ఆన్ చేస్తే చిటికెడు వేడి పుడుతుంది. చిటికెడే, కాని లక్షసార్లు. అందుకని ఆగాలి. ఒక స్విచ్చు ఆగాక రెండోది వెంటనే అందుకోకుండా ఒక్క క్షణం ఊరుకోవాలి. ఆ క్షణంలో లోపలి కాయిల్‌లో ఉన్న కరెంటే రెండో స్విచ్చు మీది ఒత్తిడిని లాగేసి సున్నాకి తెస్తుంది. సున్నాకి వచ్చాక ఆన్ చేస్తే వేడి లేదు, చప్పుడు లేదు. ఆ ఆగే వ్యవధిని మావాళ్ళు డెడ్ టైమ్ అంటారు. పేరు అలా ఉంది గాని బోర్డు ప్రాణం అందులోనే ఉంటుంది.

ఒకసారి అత్తయ్య, "ఏం చేస్తావే రోజూ ఆ గీతలతో?" అని అడిగితే ఇదంతా కుక్కర్‌తో చెప్పాను. ఆవిరి పూర్తిగా దిగాక మూత తీస్తే ఏ గొడవా లేదు, దిగకుండా లాగితే ఒళ్ళు కాలుతుంది, ఆ దిగే టైము ఎంతో లెక్కకట్టడమే నా పని అన్నాను. అత్తయ్య ఠక్కున పట్టేశారు. "ఇంతేనా? దీనికి ఇంట్లో ఇద్దరికిద్దరు ఉద్యోగాలు చెయ్యాలా?" అన్నారు.

నా బోర్డులో ఆ టైము మూడు వందల నానోసెకన్లు. నానోసెకను అంటే సెకనులో వంద కోట్లవ వంతు. దాని కోసం మూడు నెలలు కొట్టుకున్నాను. బరువు ఎక్కువున్నప్పుడు కాయిల్‌లో కరెంటు దండిగా ఉంటుంది, ఒత్తిడిని చప్పున లాగేస్తుంది, నూట ఇరవై చాలు. లిఫ్టు ఊరికే నిలబడి ఉన్నప్పుడు కాయిల్‌కి ఓపిక ఉండదు, మెల్లిగా లాగుతుంది, మూడు వందలు కావాలి. అప్పుడు తొందరపెడితే ఒత్తిడి దిగకుండానే స్విచ్చు పడుతుంది. పైగా రోగులకి చప్పుడు వద్దని, లిఫ్టు నిలబడి ఉన్నంతసేపూ ఫ్యాను తిరక్కూడదని ఆసుపత్రివాళ్ళు ముందే చెప్పారు. కాబట్టి ఈ పెట్టెకి అసలు గండం పని చేస్తున్నప్పుడు కాదు, ఖాళీగా ఉందని అందరూ అనుకుంటున్నప్పుడు. మూడు వందలు పెట్టి, ఫ్యాను ఆపి, రెండు గంటలు ఖాళీగా నడిపాను. స్విచ్చులు నలభై ఒక్క డిగ్రీల దగ్గర చల్లగా కూర్చున్నాయి. ఆ అంకె కాగితం మీద వేసి రెండో గడిలో సంతకం చేశాను.

మా ఆయనకి అది నచ్చలేదు. మూడు వందలు పెడితే నిండు బరువు మీద నూటికి తొంభై ఏడున్నర పాళ్ళే అటు చేరుతుంది, మిగతాది పోతుంది. ఆయనకి తొంభై ఎనిమిది కావాలి. ఎప్పుడూ అంతే. ల్యాబులో కుర్రకారు ఆయన వెనక తొంభై ఎనిమిది సార్ అని పిలుచుకుంటారు. నన్ను మాత్రం ముందూ వెనకా ఒకటే పేరుతో పిలుస్తారు, సార్ వాళ్ళావిడ. "రెండు వారాలు ఆగండి. బరువును బట్టి టైము దానంతటదే మారేలా రాస్తాను. అప్పుడు మీ తొంభై ఎనిమిదీ వస్తుంది," అన్నాను. "రెండు వారాలా? ఎల్లుండి వాళ్ళొస్తున్నారు. మధ్యాహ్నాలన్నీ ఖాళీగానే ఉంటావుగా, ఇన్నాళ్ళూ ఏం చేశావ్?" అన్నారు. నేను ఏం చేశానో ఆయన తొడుక్కున్న బట్టలకి తెలుసు. జవాబు చెప్పకుండా వంటింట్లోకి పోయాను. అలా పోవడం నాకు బాగా అలవాటైపోయింది, దాని మీదే నాకు కోపం.

నీలం చొక్కా ఇస్త్రీ చేసిన మర్నాడు ఆసుపత్రి నుంచి ముగ్గురు వచ్చారు. ఇద్దరు కోట్లలో ఉన్నారు. మూడో ఆయన లిఫ్ట్ మెకానిక్, జుట్టు నెరిసింది, వేళ్ళ సందుల్లో గ్రీజు మరకలు. పెద్దాయన అందర్నీ పరిచయం చేసి నా దగ్గరికొచ్చేసరికి, "ఈవిడ మా సార్ వాళ్ళావిడ, ల్యాబులో కాస్త సాయం చేస్తుంటారు," అన్నారు. నేను నమస్కారం పెట్టాను. మా ఆయన నీలం చొక్కా మీద చెయ్యి వేసి సర్దుకుని మొదలుపెట్టారు. "చాలా సింపుల్ అండీ. మా ఇంట్లో నేను కుక్కర్ మూత తీసేటప్పుడు ఏం చేస్తాను? ఆవిరి దిగేదాకా ఆగుతాను." అందరూ నవ్వారు. కోటాయన ఒకరు, "అబ్బో, వంట కూడా చేస్తారన్నమాట," అన్నారు. కుక్కర్ ఏ అలమారులో ఉంటుందో ఆయనకి తెలీదు. బోర్డు పోయిందంటే అలవాటైంది, చివరికి నా కుక్కర్ కూడా పోయిందే అని నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

అప్పుడు బోర్డు మీద నిండు బరువు వేశారు. తెర మీద అంకె వెలిగింది. తొంభై ఎనిమిది పాయింటు ఒకటి. అందరూ చప్పట్లు కొట్టారు. నా బోర్డు ఆ అంకె ఇవ్వదు. ఇవ్వలేదు. దాని మూడు వందల్ని ఎవరో కోసేస్తే తప్ప అది రాదు. మెల్లిగా మా ఆయన పక్కకి వెళ్ళి, "సార్, డెడ్ టైమ్ మార్చారా?" అన్నాను. ఆఫీసులో నేను ఆయన్ని సార్ అనాలి. అది కూడా ఆయన పెట్టిన పద్ధతే. ఆయన నావైపు తిరక్కుండా, అందరికీ వినపడేలా, "టీలు చెప్పావా అందరికీ?" అన్నారు.

టీలు వచ్చాయి. నేనే పట్టుకొచ్చాను. మెకానిక్ కప్పు అందుకుంటూ, "ఒక చిన్న డౌటండీ," అన్నాడు. "మా లిఫ్టు రోజులో సగం పైగా ఊరికే నిలబడే ఉంటుంది. అప్పుడెలా ఉంటుంది ఇది?"

"ఊరికే ఉన్నప్పుడు ఏముంటుందండీ?" అన్నారు మా ఆయన. "ఖాళీగా ఉన్నదానికి కష్టమేముంటుంది?"

నాకు ఒళ్ళంతా మండింది. ఎన్ని వందల సాయంత్రాలు ఇదే గొంతుతో ఇదే మాట విన్నాను.

మెకానిక్‌కి ఆ జవాబు అంతగా ఆనలేదు. "అయితే మనం భోంచేసి వచ్చేదాకా అలా ఖాళీగా ఆన్‌లోనే ఉంచండి. చూద్దాం," అన్నాడు. అందరూ లేచారు. వరండాలో మా ఆయన్ని ఆపాను. "నూట ఇరవై పెట్టారు కదా. ఖాళీగా ఉంచితే కాలిపోతుంది. వెళ్ళి ఆపేద్దాం," అన్నాను. ఆయన పళ్ళ బిగువున, "అరగంటకి ఏమీ కాదు. నిన్న మధ్యాహ్నం నువ్వు వెళ్ళాక మార్చాను, ఇప్పటిదాకా బాగానే ఉంది. నువ్వు దాన్ని ముట్టుకోకు. అందరి ముందు సీను చెయ్యకు," అన్నారు. ఇంతలో పెద్దాయన తలుపులోంచి, "అమ్మా, ఆ వడ్డించే కుర్రాడు రాలేదు, కాస్త నువ్వు చూడు," అన్నారు. గరిటె పట్టుకున్నాను. భోజనాల గదికీ ల్యాబుకీ మధ్య అద్దం తలుపు ఒక్కటే. గబగబా నాలుగడుగులు వేసి బోర్డుని ఆపే ఎర్ర మీట నొక్కేయొచ్చు. నొక్కలేదు. ఈ సంగతి దాచను. అది నా బోర్డు, దాన్ని మూడు నెలలు పసిపిల్లలా చూసుకున్నాను, అయినా నొక్కలేదు. నేను చెబితే ఎవరూ వినలేదు, అదే చెబుతుందిలే అనుకున్నాను. పెద్దాయన కంచంలో ఇంకో గరిటె వేశాను.

ముందు వాసన పట్టింది మెకానిక్. "ఏదో మాడుతోందండీ," అని కంచం ముందు నుంచి లేచాడు. మేం వెళ్ళేసరికి రెండు స్విచ్చులు పగిలి ఉన్నాయి, పెట్టెలోంచి నల్లటి పొగ సన్నగా లేస్తోంది. ఫ్యాను కదలకుండా ఉంది, కదలద్దనే కదా చెప్పింది. మెకానిక్ వంగి చూసి, "అంత బరువు మోసినప్పుడు చక్కగా ఉండి, నిలబడ్డప్పుడు కాలిందేంటండీ?" అన్నాడు, తనలో తాను అనుకున్నట్టు. పెద్దాయన అరవలేదు. కాగితం తీసి రెండు గడులూ చూసి, "రేపు పది గంటలకి ఇద్దరూ రండి. మెకానిక్ గారు, మీరూ ఉండండి," అన్నారు.

ఆ సాయంత్రం ఇంట్లో ఒక వింత జరిగింది. మా ఆయన నాకు గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చిచ్చారు. పెళ్ళయ్యాక అది మొదటిసారి. గ్లాసు పట్టుకోగానే ఏదో అడగబోతున్నారని అర్థమైంది.

"రేపు డిజైన్ నీదని చెబుతాను," అన్నారు పక్కన కూర్చుని. "అబద్ధం కాదుగా. నీదే కదా."

నేను నీళ్ళు తాగాను.

"నీకేం కాదు. ఒంటిపూట మనిషివి. ఇంట్లో పని, పిల్ల, మనసు ఎటో ఉండి లెక్క తప్పిందని చెప్పు. పెద్దాయన ఊరుకుంటారు. ఆడవాళ్ళని గట్టిగా ఏమీ అనరు. నా పేరుంటే మాత్రం నన్ను బతకనివ్వరు."

"పోతే నీ ఒంటిపూట పోతుంది, అంతేగా," అన్నారు అత్తయ్య కుర్చీలోంచి. "వాడిది పోతే ఇల్లేమైపోతుంది? సంసారం అన్నాక ఒకరి మాట ఒకరు నెత్తినేసుకోవాలే." తర్వాత కాస్త ఆగి, "ఇంతకీ ఏమైంది దానికి?" అని అడిగారు.

"ఆవిరి దిగకుండా మూత లాగారు అత్తయ్యా," అన్నాను.

"ఎవరే?"

నేను ఆవిడ కొడుకు వైపు చూశాను. అత్తయ్య కూడా చూశారు. ఆవిడకి అర్థమైంది, ఈ ఇంట్లో నేను చెప్పింది చెప్పినట్టు అర్థం చేసుకునే మనిషి ఆవిడే. తర్వాత మోకాళ్ళు రాసుకుంటూ, "అయినా సరే," అన్నారు మెల్లిగా. ఆ అయినా సరే నాకు ఆయన అడిగినదానికంటే ఎక్కువ నొప్పి పెట్టింది.

"సరేలెండి. నాదని చెప్పండి," అన్నాను. ఆయన హమ్మయ్య అనుకుని నా భుజం మీద చెయ్యి వేసి, "నాకు తెలుసు నువ్వు కాదనవని," అన్నారు. వేసిన చెయ్యి తీసి, "రేపటికి తెల్ల చొక్కా," అన్నారు.

తెల్ల చొక్కా ఇస్త్రీ చేశాను. కాలరు లోపలి వైపు ముందు. చేస్తూ నేను ఏం ఒప్పుకున్నానో లెక్క చూసుకున్నాను. రెండో గడిలో ఎలాగూ నా సంతకం ఉంది. రేపు మొదటి గడి కూడా నాదవుతుంది. పదకొండేళ్ళు ఆ గడి కోసం లోలోపల ఎంత ఏడ్చానో ఎవరికీ చెప్పుకోలేదు. ప్రతిసారీ పెద్దాయన ఆయన భుజం తట్టినప్పుడు నా భుజం మీద ఏదో పాకినట్టుండేది. ఎప్పుడో ఒక రోజు, ఎవరో ఒకరి ముందు, ఈయన నోరు తెరిచి ఇది మా ఆవిడ చేసిందండీ అంటారని ఎదురుచూశాను. పురస్కారం వచ్చినప్పుడు అంటారనుకున్నాను, అనలేదు. పత్రికవాళ్ళు ఫోటో తీసినప్పుడు అంటారనుకున్నాను, నన్ను కాస్త పక్కకి జరగమన్నారు. రేపు అంటారు. పొగ వచ్చింది కాబట్టి అంటారు. కాదంటే నా చేతులతో చేసింది నేనే కాదన్నట్టు. అవునంటే ఆయన కాల్చింది నేను కాల్చినట్టు. ఇస్త్రీపెట్టె ఆపి చొక్కా తగిలించాను.

తర్వాత స్టూలు వేసుకుని వంటింటి పై అర చూశాను. పిండి డబ్బాల వెనక నా నోటు పుస్తకాలు ఉంటాయి. బోర్డుకొకటి, మొత్తం పది. ఇంట్లో ఇంకెక్కడా వాటికి చోటు దొరకలేదు, అక్కడైతే ఎవరూ చెయ్యి పెట్టరు. అట్టల మీద నూనె మరకలు, ఒకదాని మీద పాప గీసిన పిల్లి బొమ్మ. ప్రతి పేజీలో తేదీ, గీత, కొలత, ఎక్కడ తప్పాను, ఎలా దిద్దుకున్నాను. అన్నీ దులిపి పాప పాత బడిసంచీలో సర్దాను. పొద్దున ఆయన, "ఏంటా సంచీ?" అన్నారు. "ల్యాబువి," అన్నాను. బరువుగా ఉందా అని అడగలేదు.

పది గంటలకి పెద్దాయన గదిలో నలుగురం కూర్చున్నాం. కాలిన బోర్డు బల్ల మధ్యలో కాగితం మీద పెట్టి ఉంది. మా ఆయన గొంతు సవరించుకున్నారు.

"సార్, ఇన్నాళ్ళూ బయటికి చెప్పలేదు గాని, ఈ డిజైన్ నాది కాదు. మా ఆవిడది. నేను పేరు మాత్రమే ఇచ్చాను. మొదట్నుంచీ అంతే. ఏదో ఇంటిపనుల మధ్య లెక్క తప్పినట్టుంది, మీరు పెద్ద మనసు చేసుకుని..."

ఎంత చక్కగా చెప్పారు. తడబాటు లేదు. పదకొండేళ్ళు ఆ వాక్యం ఎలా ఉంటుందా అని ఊహించుకున్నాను, వినడానికి ఇంత చిన్నదిగా ఉంటుందనుకోలేదు. పెద్దాయన కళ్ళజోడు తీసి నావైపు తిరిగారు.

"నిజమేనామ్మా? ఇది నీ డిజైనేనా?"

మా ఆయన నావైపు చూసి కళ్ళతోనే ఊఁ అను అన్నారు.

"నిజమేనండీ. నాదే," అన్నాను. ఆయన ఊపిరి వదిలిన చప్పుడు వినపడింది. నేను సంచీ ఎత్తి బల్ల మీద పెట్టాను. "ఇదొక్కటే కాదు, దీనికి ముందు తొమ్మిదీ నావే. మొదట్నుంచీ పేరు మాత్రమే ఇచ్చానని ఆయనే చెప్పారు, మీరు విన్నారు. పది కాగితాల మీదా ఆ మొదటి గడి దిద్దించండి. ఆయన చేతే రాయించండి."

పుస్తకాలు ఒకదాని మీద ఒకటి పేర్చాను. పెద్దాయన మొదటి పుస్తకం తెరిచి తేదీ చూసి, మళ్ళీ నావైపు చూశారు. నా ముఖంలో పదకొండేళ్ళ కిందట ఉద్యోగానికి వచ్చిన అమ్మాయిని వెతుక్కుంటున్నారేమో. మెకానిక్ చివరి పుస్తకం తీసుకున్నాడు. గ్రీజు వేళ్ళు అంటకుండా పేజీలు అంచు పట్టుకుని తిప్పుతూ, "ఖాళీగా, ఫ్యాను లేకుండా, రెండు గంటలు. నలభై ఒక్క డిగ్రీలు," అని చదివాడు. తర్వాత కాలిన బోర్డు వైపు చూసి, "ఇందులో మూడు వందలు అని ఉందండీ," అన్నాడు.

"అవునండీ. నేను ఇచ్చింది మూడు వందలు. బోర్డు అంతా నాదే, ఇప్పుడు అందులో ఉన్న ఆ ఒక్క అంకె తప్ప."

"మరి దాన్ని ఎవరు మార్చారు? ఎందుకు మార్చారు?" అన్నారు పెద్దాయన.

మా ఆయన నావైపు తిరిగారు. ఆ చూపు నాకు కొత్త కాదు. మీటింగులో ఎవరైనా తెలియనిది అడిగితే ఆయన ఇలాగే నావైపు చూస్తారు, నేను చిన్న కాగితం మీద జవాబు రాసి బల్ల కింద నుంచి అందిస్తాను, ఆయన గొంతు సవరించుకుని చెబుతారు. పదకొండేళ్ళు అందించాను. ఇప్పుడు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

ఆఫీసులో మొదటిసారి ఆయన్ని సార్ అనలేదు.

"చెప్పండి, ఏమండీ. ఎవరైనా అడిగితే జవాబు చెప్పడానికి మనిషి ఉండాలనేగా ఆ రోజు మీ పేరు పెట్టుకున్నది," అన్నాను.